చెప్పులు లేని మనిషికి అరిగిన మడమ: ఒక ఇంగ్లిషు విశేషణాన్ని సరిచేసిన కథ

నా దగ్గరికి సవరణకు వచ్చిన ఒక తెలుగు జ్ఞాపకాల పుస్తకం 31వ పేజీలో ఒక నేత కార్మికుడు చీరాల నుంచి మూడు మైళ్ళు ఎండలో నడిచి వస్తాడు. కాళ్ళకు చెప్పులు లేవు. ఇంగ్లిషు అనువాదంలో అతన్ని పరిచయం చేసిన విశేషణం 'డౌన్-ఎట్-హీల్'. వాడుకలో చితికి దిగజారినవాడు అని. అక్షరాలా చూస్తే మడమ అరిగిపోయిన మనిషి అని. అరిగేది కాలి మడమ కాదు, బూటు మడమ. చెప్పులే లేని మనిషికి బూటు మడమ ఎలా అరుగుతుంది? పక్కన పెన్సిలుతో గీత పెట్టి, ఆ మాట ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతికాను. 212 పేజీల రాతప్రతిలో ఆరు చోట్ల ఉంది. ఆ ఆరింటినీ తేల్చడానికి నాకూ అనువాదకురాలికీ మూడు వారాలు పట్టింది.

ఇంగ్లిషు రాతప్రతులు సవరించడం నా వృత్తి. 19 ఏళ్ళుగా ఇదే పని. తెలుగువాళ్ళు రాసే ఇంగ్లిషులో వ్యాకరణ దోషాలు సులభంగానే దొరుకుతాయి, సులభంగానే పోతాయి. దొరకనివి ఇలాంటివే. నిఘంటువు ప్రకారం అర్థం సరిపోతుంది, వాక్యం కూడా నిలబడుతుంది, అయినా ఇంగ్లిషు చదివే అలవాటున్న మనిషికి ఏదో గుచ్చుకుంటుంది. ఆ గుచ్చుకునేది ఏమిటో విడదీసి చూపించే అవకాశం ఈ ప్రతిలో దొరికింది కాబట్టి పూర్తిగా రాసి పెడుతున్నాను.

ప్రతి, అనువాదకురాలు

ఆమె భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. వాళ్ళ నాన్నగారు తన బాల్యం, చదువు, ఉద్యోగ వేట గురించి తెలుగులో నోటుపుస్తకాల నిండా రాసి పెట్టి వెళ్ళిపోయారు. కథాకాలం 1938 నుంచి 1966 వరకు. న్యూజెర్సీలో పెరుగుతున్న మనవలకు తెలుగు మాట్లాడితే అర్థమవుతుంది గానీ చదవడం రాదు. వాళ్ళ కోసమే ఈ అనువాదం. అరవై ప్రతులు అచ్చు వేయించి బంధువులకు పంచాలని ఆమె ఆలోచన. అమ్మకానికి కాదు కదా అని తేలికగా తీసుకునే మనిషి కాదు. మూడోసారి తిరగరాసిన ప్రతినే నాకు పంపారు.

మొదటి ఫోనులోనే అడిగాను, "మేడం, ఈ మాట మీకెక్కడ దొరికింది?" అని.

"పర్యాయపదాల పుస్తకంలో, బాబూ. ‘పూర్’ అనే మాట నలభైసార్లకు పైగా వచ్చింది. సిగ్గనిపించింది. ఒకే మాట రెండుసార్లు రాస్తే మా ఇంగ్లిషు మాస్టారు ఎర్ర సిరాతో సున్న చుట్టేవారు."

ఆమె సిగ్గుపడవలసింది ఏమీ లేదు. తెలుగు మూలం తీసి చూస్తే, ఆ నలభై చోట్లా నాన్నగారు ఒకే మాట వాడలేదు. ఒకచోట నిరుపేద, ఒకచోట లేనివాడు, మరోచోట చితికిపోయిన కుటుంబం, ఇంకోచోట బతికి చెడ్డ మనిషి. ఆయన కళ్ళ ముందు ఉన్న పేదరికాలు వేరువేరు. ఇంగ్లిషులోకి వచ్చేసరికి అన్నీ ఒక్క 'పూర్'లో కలిసిపోయాయి. ఆ లోటు ఆమెకు తెలిసింది, కానీ దాన్ని పూడ్చడానికి తెరిచిన పుస్తకం సరైనది కాదు. పర్యాయపదాల పుస్తకం మాటలన్నిటినీ ఒకే పంక్తిలో భోజనానికి కూర్చోబెడుతుంది. ఎవరు ఏ ఊరివాళ్ళో, ఎవరికి ఎవరితో పొసగదో చెప్పదు.

ఆ మాటలో ఏముంది

తోలు బూటు మడమ పొరలు పొరలుగా కట్టినది. నడిచేటప్పుడు మన బరువు ముందు మడమ వెనుక అంచు మీద, సాధారణంగా బయటి వైపు పడుతుంది. అందుకే అక్కడ ముందు అరుగుతుంది. డబ్బున్నవాడు అరిగిన పొర తీయించి కొత్తది వేయించుకుంటాడు. చేతిలో డబ్బు ఆడనివాడు, లేదా ఇక తన రూపం ఎలా ఉంటే ఏమిటని వదిలేసినవాడు, అలాగే తిరుగుతాడు. ఎదుటివాళ్ళు వెనుక నుంచి చూసి అతని స్థితి గ్రహిస్తారు. బూటు నుంచి మనిషికి, మనిషి నుంచి హోటళ్ళకు, వీధులకు, ఊళ్ళకు ఆ మాట పాకింది.

దీనికి పాత బంధువు ఒకటి ఉంది, 'అవుట్ ఎట్ హీల్స్'. మేజోళ్ళు చిరిగి మడమ బయటికి కనిపించడం. షేక్‌స్పియర్ 'కింగ్ లియర్'లో కెంట్ కాళ్ళను బొండలో బిగిస్తారు. అప్పుడు అతను, మంచివాడి అదృష్టానికి కూడా మడమ దగ్గర చిరుగు పడవచ్చు అనే అర్థం వచ్చేలా ఆ మాట వాడతాడు. కాళ్ళు బంధించిన మనిషి నోట మడమ మాట రావడం నాకు ఎప్పుడూ కలవరం కలిగిస్తుంది. నిర్లక్ష్యమైన పనిని ఇంగ్లిషులో 'స్లిప్‌షాడ్' అంటారు కదా, అదీ వదులు చెప్పులు ఈడ్చుకుంటూ నడిచేవాడి నుంచి వచ్చినదే. పాదాలను చూసి మనిషిని అంచనా కట్టడం ఆ సమాజంలో ఎంత పాతుకుపోయిందో ఈ మాటలే చెబుతాయి.

ఇందులోంచి నేను మేడంకు రాసి పంపినవి మూడు. ఒకటి, అరగాలంటే ముందు మడమ ఉండాలి. అంటే ఒకప్పుడు ఎంతో కొంత మంచి స్థితి ఉండి, ఇప్పుడు దిగజారినదానికే ఈ మాట నప్పుతుంది. మొదటి నుంచీ లేనిదానికి నప్పదు. రెండు, ఆ దిగజారడం కంటికి కనిపించాలి. మూడు, చూస్తున్నవాడు బయటివాడు. అతని చూపులో జాలి ఉండవచ్చు, చిన్నచూపూ ఉండవచ్చు, కానీ దగ్గరితనం ఉండదు.

ఇలా సూత్రాలు చెప్పడం తేలికే, వాటిని నమ్మించాలంటే వాడుక చూపించాలి. పది కోట్ల మాటలున్న బ్రిటిష్ నేషనల్ కార్పస్ వంటి వాడుక భాండాగారాల్లో ఈ మాట ఏ నామవాచకాల పక్కన కూర్చుంటుందో చూడమన్నాను. పాత హోటళ్ళు, నగరంలో వెలవెలబోయిన పేటలు, ఆస్తి కరిగిపోయిన జమీందారీ వంశీకులు, కేసులు రాని ప్రైవేటు డిటెక్టివులు. ఇంకా ఇంగ్లండు సముద్రతీర విహార పట్టణాలు. మార్గేట్‌నే తీసుకోండి. లండన్ జనం తరతరాలుగా వేసవికి వెళ్ళిన ఊరు. చవక విమానయాత్రలు వచ్చి అందరూ స్పెయిన్ ఎండకు ఎగబడ్డాక, 1970ల నుంచి ఆ ఊరి హోటళ్ళకు రంగు వేసేవాళ్ళు లేకుండా పోయారు. 2011లో అక్కడ చిత్రకారుడు టర్నర్ పేరిట పెద్ద చిత్రకళా ప్రదర్శనశాల తెరిచారు. అప్పుడు ఆ ఊరి గురించి రాసినవాళ్ళకు చేతికి అందివచ్చిన విశేషణం ఇదే. అక్కడ అది సొంత ఇంట్లో ఉన్నట్టు ఉంటుంది, ఎందుకంటే ఆ ఊరికి గతం ఉంది.

ఆరు చోట్లు

నేత కార్మికుడి వాక్యంలో తప్పు రెండింతలు. చెప్పులు లేని కాళ్ళు పక్కనే ఉండేసరికి, మామూలుగా ఎవరికీ గుర్తురాని బూటు చటుక్కున లేచి కూర్చుంటుంది. వాడగా వాడగా రూపకం చచ్చిపోయిందని మనం అనుకుంటాం గానీ, దాని అసలు వస్తువును పక్కన పెడితే మళ్ళీ ఊపిరి తీసుకుంటుంది. పైగా నాన్నగారి మాట 'నిరుపేద'. ఆ మనిషి ఎక్కడి నుంచీ దిగిరాలేదు. విశేషణం పూర్తిగా తీసేయమన్నాను. చెప్పుల్లేని కాళ్ళు చెప్పాల్సింది చెప్పేశాయి.

రెండో చోటు నన్ను బాగా ఆలోచింపజేసింది. నాన్నగారి బాబాయి ఉద్యోగం కోసం బాపట్ల తాలూకా కచేరీ చుట్టూ తిరుగుతాడు. తెలుగులో 'చెప్పులు అరిగేలా తిరిగాడు' అని ఉంది. ఇంగ్లిషులో 'డౌన్ ఎట్ హీల్' అయ్యాడని వచ్చింది. మొదట ఇది పర్యాయపదాల పుస్తకం పుణ్యమే అనుకున్నాను. కాదు. ఇక్కడ ఆమె పుస్తకం చూడలేదు, తన తెలుగు చెవిని నమ్మారు. రెండు భాషల్లోనూ అరిగిన పాదరక్షే ఉంది కదా, ఇంతకంటే చక్కని జోడీ ఏముంటుందని మురిసిపోయారు. ఆ మురిపెం నాకు అర్థమైంది. కానీ మన చెప్పు అరిగితే ఆ మనిషి పట్టుదల కనిపిస్తుంది, అతన్ని తిప్పించుకున్న కచేరీ నిర్దయ కనిపిస్తుంది. తప్పు తిప్పినవాళ్ళది. ఇంగ్లిషు మడమ అరిగితే ఆ మనిషి దిగజారిన స్థితి కనిపిస్తుంది, వేలు అతని వైపే చూపిస్తుంది. వస్తువు ఒకటే, నింద పడే చోటు వేరు. బాబాయి రోజూ తలదువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడని ముందు పేజీలోనే ఉంది. అతన్ని ఈసురోమన్న మనిషిగా చూపిస్తే అన్యాయం. చెప్పుల తోలు అరగదీయడం అనే అర్థం వచ్చే ఇంగ్లిషు నుడి వేరే ఉంది, 'షూ లెదర్' మాటతో. అది పెట్టాం. మనవలకు ఆ బాబాయి చెప్పులు కూడా దక్కాయి.

(మడమ మన భాషలో ఎక్కువగా వీరుల మాట. 'మడమ తిప్పని' అంటే చాలు, వెనుదిరగని యోధుడు కళ్ళ ముందు నిలుస్తాడు. ఇంగ్లిషు మడమ పారిపోవడానికీ, ఎదురుచూడడానికీ, వెంటపడడానికీ, ఇలా అన్నిటికీ వాడబడుతుంది. కాబట్టి తెలుగు మడమ అనుభవంతో ఇంగ్లిషు మడమ నుడులను ఊహించబోతే దారి తప్పడం ఖాయం.)

మూడు, నాలుగు చోట్లు ఒకే భవనానికి సంబంధించినవి. విజయవాడ రైల్వేస్టేషన్ దగ్గర ఒక లాడ్జి. నాన్నగారు 1946లో పరీక్ష రాయడానికి వచ్చి అక్కడ దిగారు. అప్పుడది కొత్తగా సున్నం కొట్టిన చవక లాడ్జి. మళ్ళీ 1963లో ఉద్యోగం మీద వచ్చి పాత జ్ఞాపకం కొద్దీ అక్కడికే వెళ్ళారు. గోడలు పెచ్చులూడాయి, వరండాలో నిలువుటద్దం పగిలినా మార్చలేదు. అనువాదంలో రెండు చోట్లా ఒకే విశేషణం. 1946లో అది తప్పు, ఎందుకంటే చవకదనం వేరు, దిగజారడం వేరు. 1963లో అచ్చంగా సరైనది. మొదటి అధ్యాయంలో ఆ లాడ్జి కళగా ఉన్నప్పుడు చూసిన పాఠకుడికి, తొమ్మిదో అధ్యాయంలో ఈ మాట తగిలితే పదిహేడేళ్ళూ ఒక్కసారి కదులుతాయి. మొదటిచోట తీసేస్తేనే రెండోచోట దానికి ఆ బలం వస్తుంది.

ఐదోది వ్యాకరణ దోషం. గ్రామానికి వచ్చిన నాటక సమాజాన్ని ఆమె 'డౌన్-ఎట్-హీల్డ్' అన్నారు. ఇది వట్టి అచ్చుతప్పు కాదు. ధనవంతులను ఇంగ్లిషులో 'వెల్-హీల్డ్' అంటారు కాబట్టి, దానికి వ్యతిరేకం ఇలా ఉండాలని ఆమె తర్కించారు. శాస్త్రం చదివిన మనసు కదా, సౌష్ఠవం కోరుకుంటుంది. కానీ ఈ రెండు మాటలూ ఒక జత బూట్లు కావు. పందెం కోడి కాలికి ఇనుప ముల్లు కట్టడాన్ని ఇంగ్లిషులో 'హీల్' చేయడం అనేవారు. 19వ శతాబ్దపు అమెరికాలో అది తుపాకీ దగ్గర పెట్టుకున్న మనిషికి వర్తించింది, తర్వాత జేబు నిండా డబ్బున్నవాడికి. నిఘంటువులు ఎక్కువగా ఒప్పుకునే దారి ఇదే. ఈ మాట చెప్పగానే మేడం ఫోనులో నవ్వారు. "అంటే కత్తి కట్టిన కోడి అన్నమాట" అన్నారు. సంక్రాంతికి భీమవరం వైపు బంధువులున్న మనిషికి ఇంతకు మించి వివరణ అక్కర్లేదు. ఒకటి కోడి కాలికి కట్టిన ఆయుధం, రెండోది మనిషి బూటుకు పట్టిన అరుగుదల. 'వెల్-హీల్డ్' చివర వచ్చే 'డ్' ఆ కట్టడం అనే క్రియ నుంచి వచ్చింది. రెండోదానిలో క్రియ లేదు, కాబట్టి ఆ 'డ్' కూడా రాదు.

అదే చోట గీతల సంగతి కూడా తేల్చుకున్నాం. నామవాచకానికి ముందు వస్తే మూడు మాటల మధ్య రెండు చిన్న గీతలు పెట్టడం మంచిది, లేకపోతే చదివేవాడు 'డౌన్' దగ్గర ఆగి తడబడతాడు. క్రియ తర్వాత విడిగా వస్తే గీతలు లేకుండా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అమెరికన్ రాతలో మధ్యలో 'ది' చేర్చి, కొన్నిసార్లు 'హీల్స్' అని బహువచనం చేస్తారు. చదివేది న్యూజెర్సీ పిల్లలు కాబట్టి అమెరికన్ రూపం పెడదామా అని ఆమె అడిగారు. పుస్తకమంతా బ్రిటిష్ వర్ణక్రమంలో ఉంది, నాన్నగారి తరం ఇంగ్లిషు అదే. బ్రిటిష్ రూపమే ఉంచాం.

ఇక ఆ నాటక సమాజానికి ఈ మాట తగినదేనా? అర్థం వరకు నిస్సందేహంగా తగినదే. ఒకప్పుడు మద్రాసు దాకా వెళ్ళి ఆడిన సమాజం అది. ఇప్పుడు తెరకు అతుకులు, హార్మోనియంలో రెండు మెట్లు పలకవు, రాజు కిరీటానికి బంగారు రంగు రాలిపోయింది. అయినా తీసేయమన్నాను. ఆ కిరీటం ఉండగా విశేషణం ఎందుకు? అరుదైన వర్ణన మాట, వివరాలు చెప్పడానికి చోటు లేని చోట పనికొస్తుంది. వివరాలు ఉన్నచోట అది వాటికి అడ్డం వచ్చి నిలబడుతుంది. ఈ విషయంలో నాతో వాదించే సంపాదకులు ఉన్నారని తెలుసు. నేను మాత్రం ప్రతిసారీ కిరీటం వైపే ఉంటాను.

ఆరోది ఒక పొలం మట్టికి వాడిన సందర్భం. మట్టికి బూట్లు లేవు, రూపం మీద శ్రద్ధ లేదు. మారుమాట లేకుండా కొట్టేశాం.

నేను చేసిన తప్పు

ఇంత వివరంగా సూత్రాలు రాసి పంపిన తర్వాత, నేనే వాటిని పక్కన పెట్టాను. పేజీ 12లో నాన్నగారు తన తండ్రిని 'బతికి చెడ్డ మనిషి' అంటారు. అనువాదంలో 'వెరీ పూర్' అని ఉంది. ఇక్కడ పట్టుకున్నాను అనుకున్నాను. ఉండి పోగొట్టుకున్న మనిషి, ఇరవై ఎకరాలు అప్పుల కింద పోయినవాడు. చెడి బతకవచ్చు గానీ బతికి చెడకూడదని మనవాళ్ళు ఊరికే అన్నారా? అన్ని చోట్ల తప్పుగా పడ్డ మాట అసలు ఉండవలసిన చోటు ఇదే, మీరు దీన్ని ఇక్కడ పెట్టండి అని ఉత్సాహంగా రాశాను.

రెండు రోజులు జవాబు లేదు. తర్వాత ఫోను చేశారు.

"బాబూ, మీరు పంపిన మూడు సూత్రాల్లో రెండోది ఏమిటి?"

"దిగజారడం కంటికి కనిపించాలి."

"మా తాతగారిది కనిపించేది కాదు. పొలం పోయిన ఏడాది కూడా ఆయన పంచె ఇస్త్రీ మడత నలగలేదట. మా నాయనమ్మ గంజి పెట్టి, రాత్రిపూట పరుపు కింద మడిచి పెట్టేదట. ఊళ్ళో సగం మందికి పొలం పోయిందని తెలియదు. మీ మాట ఆయనకు పనికిరాదు."

ఆమె అన్నది అక్షరాలా నిజం. అంతే కాదు, మూడో సూత్రం కూడా నేను మరిచిపోయాను. కొడుకు తండ్రి గురించి రాస్తున్న పేజీ అది. వీధి అవతల నిలబడి బూట్లు చూసే పరాయి చూపు ఆ పేజీలో ఉండకూడదు. బతికి చెడ్డవాడు అన్నప్పుడు మన గొంతులో బాధ ఉంటుంది, ఆ బాధలో మనమూ ఉంటాం. రెండింటికీ గతం ఉందన్నంత మాత్రాన నేను వాటిని కలిపేశాను. బాబాయి చెప్పుల దగ్గర ఆమె చేసిన పొరపాటు ఇదే, కాకపోతే ఆమె వస్తువును చూసి కలిపారు, నేను అర్థంలో ఒక ముక్కను చూసి కలిపాను.

దానికి ఇంగ్లిషులో ఏం పెట్టాలన్నది మూడో వారమంతా నడిచింది. 'షాబీ-జెంటీల్' అనే పాత మాట చూశాం. పరువు కాపాడుకోవాలని తాపత్రయపడే పేద మర్యాదస్థులకు అది సరిగ్గా సరిపోతుంది, కానీ మొదటి సగంలోనే మాసిన బట్ట ఉంది. తాతగారి పంచె మాసలేదు. ఆమె ఒప్పుకోలేదు, నేనూ పట్టుబట్టలేదు. చివరికి 'కమ్ డౌన్ ఇన్ ద వరల్డ్' అనే మామూలు నుడి దగ్గర ఆగాం. అందులో మెట్టు దిగిన సంగతి ఉంది, బట్టల ఊసు లేదు, ఇంట్లోవాళ్ళు కూడా నొచ్చుకోకుండా అనుకోగలిగిన మాట. దాని వెంటనే గంజి పంచె గురించి ఒక వాక్యం చేర్చాలని ఆమె అన్నారు. నాన్నగారి మూలంలో అది 12వ పేజీలో లేదు, 40వ పేజీలో ఉంది. ముందుకు జరపవచ్చా? అనువాదకురాలు ఆమె, రచయిత కూతురు ఆమె. నేను జరపవద్దనే చెప్పాను. పాఠకుడు 12లో మనిషి దిగజారాడని విని, 40 దాకా అతన్ని చిరిగిన బట్టల్లో ఊహించుకుని, అప్పుడు ఆ పంచె చూసి సర్దుకోవడమే నాన్నగారు కోరుకున్న క్రమం కావచ్చు. ఆమె కాసేపు ఆలోచించి, "ఉండనివ్వండి" అన్నారు.

'పూర్' అనే మాట చివరి ప్రతిలో ఇరవై ఆరుసార్లు ఉంది. వాటిలో ఒక్కటి కూడా మార్చవలసినదిగా నాకు కనిపించలేదు. 'డౌన్-ఎట్-హీల్' ఒక్కచోటే మిగిలింది, తొమ్మిదో అధ్యాయం రెండో పేరాలో, పగిలిన నిలువుటద్దం ఉన్న లాడ్జికి ముందు. ప్రూఫులో అది పంక్తి చివర పడి, మొదటి గీత దగ్గర విరిగింది. 'డౌన్' పైన, మిగతాది కింద. ముందు వాక్యంలో ఒక మాట తగ్గించి, మూడు మాటలనూ ఒకే పంక్తిలోకి తెచ్చి, అచ్చుకు పంపాం.